తిన్నాక పరీక్ష: ఆహారంలో రంగులు, రసాయనాల రెండు శతాబ్దాలు

1820లో లండన్‌లో అచ్చయిన ఒక రసాయన శాస్త్ర గ్రంథం నెల తిరక్కుండానే వెయ్యి ప్రతులు అమ్ముడుపోయింది. అట్ట మీద పుర్రె బొమ్మ. రాసినవాడు ఫ్రెడరిక్ అక్కుమ్, జర్మనీ నుంచి వచ్చి లండన్‌లో స్థిరపడ్డ రసాయనవేత్త. రొట్టె తెల్లబడడానికి పిండిలో పటిక కలుపుతున్నారనీ, ఊరగాయలు పచ్చగా నిగనిగలాడడానికి రాగి లవణాలు వాడుతున్నారనీ, జున్ను ఎరుపులోనూ పిల్లల మిఠాయిల రంగుల్లోనూ సీసం ఉందనీ ప్రయోగశాలలో తేల్చి రాశాడు. అక్కడితో ఆగితే ఆయన బతుకు సాఫీగా సాగేదేమో. కల్తీ కేసుల్లో శిక్షపడిన వ్యాపారుల పేర్లు కూడా అచ్చు వేశాడు. మరుసటి ఏడాదికల్లా ఒక గ్రంథాలయంలో పుస్తకాల కాగితాలు చించాడన్న కేసులో ఇరుక్కుని, ఇంగ్లండ్ వదిలి జర్మనీకి వెళ్లిపోయాడు. చించడం నిజమే కావచ్చు. కానీ ఆయన రాసిన విషయాల మీద బ్రిటన్‌లో చట్టం రావడానికి నలభై ఏళ్లు పట్టింది.

అంతకుముందు శిక్షలు లేవని కాదు. ధాన్యం, నూనె, ఉప్పు, మందుల వంటి వాటిలో నాసిరకం కలిపితే పన్నెండు పణాల జరిమానా అని కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే ఉంది. 1444లో న్యూరెంబర్గ్ నగరంలో కుంకుమపువ్వు కల్తీ చేసిన వర్తకుణ్ణి సరుకుతో సహా తగలబెట్టారు. అయితే ఇవన్నీ మోసానికి వేసిన శిక్షలు. తక్కువ సరుకును ఎక్కువ ధరకు అంటగట్టడమే అక్కడ నేరం. తిండిలో చేర్చింది ఒంట్లోకి పోయి ఏం చేస్తుంది అన్న ప్రశ్న వేరు. దాన్ని గట్టిగా అడగడం పంతొమ్మిదో శతాబ్దంలో మొదలైంది. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఒక వరస మాత్రం దాదాపు మారలేదు. ముందు వాడతారు, తర్వాత ఎవరో జబ్బు పడతారు, ఆ తర్వాత పరీక్ష చేస్తారు. ఇంకో సంగతి కూడా ఈ చరిత్ర పొడుగునా కనిపిస్తుంది. జనం భయపడ్డ చోటు ఒకటి, ప్రమాదం ఉన్న చోటు మరొకటి.

అక్కుమ్ వదిలిన పనిని అందుకున్నవాళ్లలో విలియం ఓషానెస్సీ అనే యువ వైద్యుడొకడు. 1830ల మొదట్లో లండన్ వీధుల్లో మిఠాయిలు కొని పరీక్షించి, వాటి రంగుల్లో సీసం, పాదరసం, రాగి ఉన్నాయని లాన్సెట్ పత్రికలో రాశాడు. తర్వాత కలకత్తా వచ్చి వైద్య కళాశాలలో పాఠాలు చెప్పాడు, భారతదేశానికి టెలిగ్రాఫ్ తీగలు వేయించాడు. ఇక్కడ ఆయన్ను టెలిగ్రాఫ్ కోసమే గుర్తుపెట్టుకున్నారు. మిఠాయిల సంగతి ఎవరికీ తెలియదు.

చట్టం తెచ్చింది మాత్రం పుస్తకమూ కాదు, పత్రికా కాదు, 1858లో బ్రాడ్‌ఫర్డ్ పట్టణంలో జరిగిన ఘోరం. చక్కెర ఖరీదెక్కువ కాబట్టి మిఠాయి చేసేవాళ్లు అందులో సుద్దలాంటి తెల్లపొడి కలిపేవాళ్లు. ఆ పొడి అనుకుని మందుల కొట్టువాడు పొరపాటున పాషాణం, అంటే ఆర్సెనిక్, కట్టి ఇచ్చాడు. ఆ పిప్పరమెంటు బిళ్లలు తిని ఇరవై మంది దాకా చనిపోయారు, రెండు వందల మందికి పైగా జబ్బుపడ్డారు. 1860లో కల్తీ నిరోధక చట్టం వచ్చింది. సుద్ద కలపడం అప్పటిదాకా చాలామందికి తప్పుగా తోచకపోవడమే ఈ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే విషయం.

సరిగ్గా అదే కాలంలో మరో తలుపు తెరుచుకుంది. 1856లో పద్దెనిమిదేళ్ల విలియం పెర్కిన్ మలేరియా మందు చేయబోయి, బొగ్గు తారు సరుకు నుంచి ఊదారంగు తీశాడు. బట్టలకు పుట్టిన ఆ రంగులు కొద్ది దశాబ్దాల్లో వెన్నలోకి, మిఠాయిలోకి, సారాయిలోకి చేరాయి. చిటికెడు వేస్తే చాలు, గంగాళం నిండుతుంది. పైగా సీసం, రాగి కన్నా ఇవి మేలని అందరూ సంబరపడ్డారు. 1907లో అమెరికా ప్రభుత్వం లెక్క తీసేసరికి ఆహారంలో వాడుతున్న రంగులు ఎనభై దాకా తేలాయి. పరిశీలించి, ఏడింటినే ఉంచింది. మిగతావన్నీ జనం అప్పటిదాకా తింటూనే ఉన్నారు.

ఆ లెక్క వెనక ఉన్న మనిషి హార్వే వైలీ. అమెరికా వ్యవసాయ శాఖలో ముఖ్య రసాయనవేత్త. 1902లో ఆయన చేసిన పని ఈనాడు ఏ నైతిక సంఘమూ ఒప్పుకోదు. ఆరోగ్యంగా ఉన్న పన్నెండు మంది యువ ఉద్యోగుల్ని పోగుచేసి, కార్యాలయం నేలమాళిగలో భోజనశాల పెట్టి, మూడు పూటలా ఉచితంగా మంచి భోజనం వడ్డించాడు. భోజనంతోపాటు ఆ రోజుల్లో మాంసం, వెన్న చెడకుండా వాడే బోరాక్స్. మొదట దాన్ని వెన్నలో దాచారు. కొద్దిరోజులకే కుర్రాళ్లు వెన్న ముట్టడం మానేశారు. పాలలో దాచారు, పాలు మానేశారు. చివరికి గొట్టం మాత్రల్లో నింపి మందులాగా మింగించారు. తలనొప్పి, కడుపునొప్పి, ఆకలి మందగించడం మొదలయ్యాయి. బోరాక్స్ తర్వాత సాలిసిలిక్ ఆమ్లం, సల్ఫైట్లు, బెంజోయేట్లు, ఆఖరికి ఫార్మాల్డిహైడ్. పత్రికలు వాళ్లకు విషదళం అని పేరుపెట్టాయి, పాటలు కట్టారు.

శాస్త్రంగా చూస్తే ఆ ప్రయోగం బలహీనమైనదే. రసాయనం లేకుండా అదే భోజనం తినే మరో బృందాన్ని పోలిక కోసం పెట్టలేదు. రోజూ జబ్బు వస్తుందని ఎదురుచూస్తూ తింటే సగం తలనొప్పి ఆ ఎదురుచూపుకే వస్తుంది. అయినా, జనం తింటున్నది తినదగ్గదేనా అని ప్రభుత్వం తన ఖర్చుతో అడిగింది. 1906 జూన్ 30న శుద్ధ ఆహార, ఔషధ చట్టం సంతకమైంది. తర్వాత వైలీ శాకరిన్ మీదికి వెళ్లాడు. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్‌కు డాక్టరు రోజూ శాకరిన్ ఇస్తున్నాడు. అది చెడ్డదన్నవాడు తెలివితక్కువవాడని అధ్యక్షుడు మొహం మీదే అన్నాడు. వైలీ పలుకుబడి ఆ రోజు నుంచే తగ్గింది. 1912లో రాజీనామా చేశాడు.

శాకరిన్ కథ చిత్రమైనది. 1879లో జాన్స్ హాప్‌కిన్స్ ప్రయోగశాలలో పనిచేసిన కాన్‌స్టంటిన్ ఫాల్‌బర్గ్ చేతులు సరిగా కడుక్కోకుండా భోజనానికి కూర్చుంటే రొట్టె తియ్యగా తగిలింది. 1937లో సైక్లమేట్ బయటపడింది ప్రయోగశాల బల్ల మీద పెట్టిన సిగరెట్టు తియ్యగా ఉండడం వల్ల. 1965లో ఆస్పర్టేమ్ బయటపడింది కాగితం తీయబోయి వేలు నాకడం వల్ల. మన డయాబెటిస్ రోగులు కాఫీలో వేసుకునే తీపి బిళ్లల చరిత్రంతా కడుక్కోని చేతుల చరిత్రే.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడాది బ్రిటిష్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ మెలన్‌బీ ఒక చేదు నిజం బయటపెట్టాడు. గోధుమ పిండిని తెల్లబరచడానికి మిల్లుల్లో ఏజీన్ అనే వాయువు, అంటే నైట్రోజన్ ట్రైక్లోరైడ్, పట్టించేవారు. ఆ పిండి తిన్న కుక్కలకు మూర్ఛలు వస్తున్నాయని 1946లో ఆయన చూపించాడు. బ్రిటన్‌లో తెల్ల రొట్టెలో అత్యధిక భాగం ఇరవై ఏళ్లకు పైగా ఆ పిండితోనే తయారైంది. మనుషులకు హాని జరిగిందని రుజువు కాలేదు. కానీ ఒక దేశమంతా తిన్న తర్వాత కుక్కల మీద పరీక్ష జరిగింది. అమెరికా, బ్రిటన్ ఒకదాని తర్వాత ఒకటి దాన్ని మానేశాయి.

వెన్నకు పసుపురంగు వేసే ఒక తారు రంగు ఎలుకల కాలేయంలో కేన్సర్ పుట్టిస్తుందని 1930లలో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. 1950లో అమెరికాలో హాలోవీన్ పండగ మిఠాయిల్లోని నారింజరంగు తిని పిల్లలు జబ్బుపడ్డారు. అది అనుమతి ఉన్న రంగే. ఈ గొడవల నడుమ 1958లో అమెరికా చట్టం మౌలికంగా మారింది. హానికరమని ప్రభుత్వం రుజువు చేయడం పోయి, సురక్షితమని కంపెనీ ముందుగా చూపించాలన్న నియమం వచ్చింది. వైలీ కోరింది యాభై ఏళ్ల తర్వాత దక్కింది. న్యూయార్క్ సభ్యుడు జేమ్స్ డిలానీ పట్టుబట్టి ఒక నిబంధన కూడా చేర్పించాడు. మనిషిలోగాని జంతువులోగాని కేన్సర్ కలిగిస్తుందని తేలితే ఎంత తక్కువైనా సరే, ఆహారంలో కలపడానికి వీల్లేదు. అయితే అదే చట్టంలో ఒక దొడ్డిదారి కూడా ఉంది. ఎప్పటి నుంచో వాడుకలో ఉన్నవి, నిపుణులు సురక్షితమని ఎంచినవి ఈ పరీక్ష దాటనక్కర్లేదు. ఆ దారిలోనే తర్వాత వందల పదార్థాలు నడిచి వచ్చాయి.

డిలానీ నిబంధన అమెరికాది. మిగతా ప్రపంచం మోతాదు దారి పట్టింది. 1956లో ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి నిపుణుల సంఘాన్ని వేశాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త రెనే ట్రుహో ఆలోచన నుంచి రోజువారీ అనుమతి మోతాదు అన్న లెక్క వచ్చింది. జంతువులకు ఏ హానీ చేయని గరిష్ఠ మోతాదును తీసుకుంటారు. మనిషి జంతువు కాదు కాబట్టి పదితో, మనుషులంతా ఒకేలా ఉండరు కాబట్టి ఇంకో పదితో, మొత్తం వందతో భాగిస్తారు. శరీరం బరువులో కిలోకు ఇన్ని మిల్లీగ్రాములు జీవితాంతం రోజూ తిన్నా ఫర్వాలేదని ఆ అంకె అర్థం. ప్యాకెట్ల వెనక కనిపించే 102, 211, 621 వంటి అంతర్జాతీయ సంఖ్యలు పొందిన వాటిలో చాలా వాటికి ఇలాంటి లెక్క ఉంది. నిలకడగా ఆలోచించిన పద్ధతే. కానీ ఒక్కో పదార్థానికి విడివిడిగా కట్టిన లెక్క ఇది. పది పదార్థాలు ఒకేసారి కడుపులో పడితే ఏమవుతుందో ఇందులో లేదు.

జనభయాల దగ్గరికి వస్తే టేస్టింగ్ సాల్ట్‌కు మించిన ఉదాహరణ లేదు. 1908లో టోక్యో ప్రొఫెసర్ కికునే ఇకెదా కొంబు అనే సముద్రపు నాచు పులుసులోని రుచి గ్లుటమేట్‌దని కనిపెట్టాడు. మరుసటి ఏడాది అది అజినొమోటోగా అంగట్లోకి వచ్చింది. 1968లో అమెరికాలో ఒక వైద్యుడు, చైనీస్ హోటల్లో తిన్నాక మెడ తిమ్మిరెక్కుతోందని, కారణం సోయా సాసో, వైనో, ఉప్పో, గ్లుటమేటో కావచ్చని వైద్య పత్రికకు ఉత్తరం రాశాడు. అన్ని అనుమానాల్లో గ్లుటమేట్ ఒక్కటే నిలబడింది, దానికొక జాతి పేరుతో జబ్బు కూడా అంటుకుంది. ఆ తర్వాత జరిగిన జాగ్రత్తైన పరీక్షల్లో మామూలు తిండిలో అది స్థిరంగా హాని చేస్తుందని తేలలేదు. అన్నం లేకుండా ఒకేసారి మూడు గ్రాములు మింగిస్తే కొందరిలో తాత్కాలిక లక్షణాలు కనిపించాయి. పండిన టమాటాలో గ్లుటమేట్ ఉంది, తల్లిపాలలో కూడా ఉంది. యూరప్ ఆహార భద్రత సంస్థ 2017లో దానికి కిలోకు 30 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది. అది జాగ్రత్త, నిషేధం కాదు. 2015లో మనదేశంలో మ్యాగీ నూడుల్స్ గొడవకు నిప్పు పెట్టింది ఈ గ్లుటమేటే. టేస్టింగ్ సాల్ట్ కలపలేదని ప్యాకెట్ మీద రాసి ఉంది, ప్రయోగశాలలో గ్లుటమేట్ కనిపించింది, దాంతోపాటు సీసం ఎక్కువుందన్న నివేదిక. ఆ ఏడాది జూన్‌లో దేశమంతటా నిషేధం, ఆగస్టులో బొంబాయి హైకోర్టు దాన్ని కొట్టివేసింది. సీసం మాట నిజమైతే అసలు ప్రశ్న అదే. టీవీల్లో మాత్రం వారాల తరబడి టేస్టింగ్ సాల్ట్ గురించే మాట్లాడారు.

అమెరికాలోనూ ఇదే తీరు. 1976లో ఒక ఎర్రరంగును నిషేధించగానే ఎం అండ్ ఎం మిఠాయిల కంపెనీ తన ఎర్రబిళ్లలు మొత్తం తీసేసింది. ఆ బిళ్లల్లో ఆ రంగే లేదు. జనం ఎరుపును చూసి భయపడుతున్నారు, అంతే. పదకొండేళ్లకు గాని అవి తిరిగి రాలేదు.

మరోపక్క, భయం తక్కువగా ఉన్నచోట రుజువు గట్టిగా ఉంది. మాంసం నిల్వకు యూరప్‌లో శతాబ్దాలుగా సురేకారం వాడారు. దాని నుంచి పుట్టే నైట్రైట్ మాంసాన్ని ఎర్రగా ఉంచుతుంది, ప్రాణాంతకమైన బొట్యులిజం క్రిమిని ఆపుతుంది. 1956లో బ్రిటన్‌లో మగీ, బార్న్స్ అనే ఇద్దరు నైట్రోసమీన్ రకం పదార్థం ఎలుకల కాలేయంలో కేన్సర్ పుట్టిస్తుందని తేల్చారు. నైట్రైట్ మాంసంలోని ప్రొటీన్ ముక్కలతో కలిసినపుడు ఇలాంటివే పుడతాయని తర్వాత తెలిసింది. 2015లో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ సాసేజ్, బేకన్ వంటి శుద్ధిచేసిన మాంసాన్ని మనుషుల్లో కేన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఇక్కడ నైట్రైట్‌ను తీసేస్తే ఒక ప్రమాదం, ఉంచితే ఇంకొకటి. విటమిన్ సి కలిపి కొంత తగ్గించగలిగారు. మనవాళ్లలో సాసేజ్ తినేవాళ్లు ఇంకా తక్కువే కాబట్టి మనకు ఇది వినబడని గొడవ. అమెరికాలో, గల్ఫ్‌లో పిల్లల్ని పెంచుతున్న తెలుగు కుటుంబాలకు మాత్రం ఇది రోజువారీ విషయమే.

మన దగ్గర 1954లో ఆహార కల్తీ నిరోధక చట్టం, మరుసటి ఏడాది నియమాలు వచ్చాయి. ఇప్పుడున్న లెక్క ప్రకారం ఎనిమిది కృత్రిమ రంగులకే అనుమతి, అదీ సాధారణంగా కిలోకు 100 మిల్లీగ్రాములు మించకుండా, కొన్ని రకాల ఆహారాలకే. 2006 చట్టంతో ఆహార భద్రత ప్రమాణాల సంస్థ ఏర్పడింది. బ్రోమిన్ కలిపిన కూరగాయల నూనెను కూల్‌డ్రింకుల్లో వాడకూడదని మనం 1990లోనే అన్నాం. అమెరికా అన్నది 2024లో. ఇది చెప్పుకోదగ్గ విషయమే. రొట్టె దగ్గర కథ తిరగబడింది. పిండికి కలిపే పొటాషియం బ్రోమేట్‌ను యూరప్ 1990లో ఆపింది. 2016 మేలో ఢిల్లీలోని శాస్త్ర పర్యావరణ కేంద్రం అక్కడి రొట్టెలు, పావ్‌లు, బన్నులు కొని పరీక్షించి, నూటికి ఎనభైకి పైగా నమూనాల్లో బ్రోమేట్ లేదా అయోడేట్ ఉందని చెప్పింది. నెల తిరగకుండా బ్రోమేట్‌ను జాబితాలోంచి తీసేశారు. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ దాన్ని కేన్సర్ అనుమానితుల్లో చేర్చి అప్పటికే పదిహేడేళ్లు.

అనుమతి లేని రంగులది వేరే ప్రపంచం. లక్నోలోని పారిశ్రామిక విషశాస్త్ర సంస్థ పరిశోధకులు దశాబ్దాలపాటు వీధుల్లో మిఠాయిలు పోగుచేసి మెటానిల్ ఎల్లో, రోడమిన్ వంటి బట్టల రంగులు జిలేబీలో, లడ్డూలో ఉన్నాయని చూపిస్తూ వచ్చారు. 2003లో మైనపు పనులకు వాడే సుడాన్ రంగు భారత మిరపపొడిలో యూరప్‌లో దొరికింది. 2005లో బ్రిటన్‌లో ఒక సాస్‌లోకి చేరిన అదే రంగు వల్ల నాలుగు వందలకు పైగా సరుకులు వెనక్కి తీసుకున్నారు. ఈ గొడవల నడుమ మిరప ఎగుమతికి సుడాన్ పరీక్ష తప్పనిసరి అయింది. గుంటూరు నుంచి విదేశాలకు వెళ్లే కారానికి ఆ పత్రం కావాలి. మన వంటింటికి వచ్చే విడికారానికి అడిగేవాళ్లు లేరు. 2024లో పీచుమిఠాయిలో రోడమిన్ దొరికి పుదుచ్చేరి, తమిళనాడు దాన్ని నిషేధించాయి. మార్చిలో కర్ణాటక గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వద్దంది.

అనుమతి ఉన్న రంగు కూడా నిశ్చింత ఇవ్వదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నగరంలో పిల్లలు తినే రంగుల్ని లెక్కగట్టి 2004లో ప్రచురించారు. టార్‌ట్రజీన్, సన్‌సెట్ ఎల్లో, ఎరిత్రోసిన్ రంగుల్లో కొందరు పిల్లలు రోజువారీ అనుమతి మోతాదును దాటుతున్నారని తేలింది. ఎరిత్రోసిన్ సంగతే చూడండి. దాని అనుమతి మోతాదు శరీరం బరువులో కిలోకు 0.1 మిల్లీగ్రాము. పదిహేను కిలోల పిల్లవాడికి రోజుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు. చట్టం ఒప్పుకునే గరిష్ఠ పరిమితిలో, కిలోకు 100 మిల్లీగ్రాముల చొప్పున ఆ రంగు వేసిన మిఠాయి పదిహేను గ్రాములు తింటే అంత చేరిపోతుంది. పదిహేను గ్రాములంటే ఒక్క ముక్క.

అదే రంగు ఎలుకల థైరాయిడ్‌లో గడ్డలు పుట్టిస్తుందని తేలి 1990లో అమెరికా పెదవులకు పూసే సామగ్రిలో నిషేధించింది. తినే మిఠాయిలో మాత్రం ఉండనిచ్చింది. ఎలుకల్లో ఆ జబ్బు వచ్చే దారి మనిషికి వర్తించదని శాస్త్రవేత్తలు అంటూనే ఉన్నారు, డిలానీ నిబంధన మాత్రం ఆ తేడా ఒప్పుకోదు. చివరికి 2025 జనవరిలో ఆహారం నుంచి కూడా తొలగించారు. కంపెనీలకు 2027 జనవరి దాకా గడువిచ్చారు. పూయడానికి పనికిరానిది తినడానికి ముప్పై ఐదేళ్లు పనికొచ్చిందన్నమాట.

2007లో బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం ఆరు రంగులు, సోడియం బెంజోయేట్ కలిపిన పానీయాలు పిల్లలకు ఇచ్చి చూసింది. కొందరిలో చలాకీతనం అతి అయింది, నిలకడ తగ్గింది. ప్రభావం చిన్నదే, పిల్లలందరిలో ఒకేలా లేదు. అయినా 2010 జూలై నుంచి యూరప్‌లో ఆ ఆరు రంగులున్న ప్యాకెట్ల మీద హెచ్చరిక రాయాలి. కంపెనీలు హెచ్చరిక రాయడం కన్నా రంగు మానేయడమే నయమనుకున్నాయి. పసుపు, బీట్‌రూట్, మిరప సారంతో అవే మిఠాయిలు అక్కడ అమ్ముతున్నాయి.

ఇప్పటి పరిశోధన విడి పదార్థం దాటి ముందుకు పోతోంది. నీళ్లనూ నూనెనూ కలిపి ఉంచే రెండు ఎమల్సిఫయర్లు ఎలుకల పేగుల్లోని సూక్ష్మజీవుల్ని మార్చి, వాపు కలిగిస్తాయని 2015లో తేలింది. 2009లో మొదలైన ఫ్రాన్స్ అధ్యయనమొకటి వేలాదిమంది తిండి వివరాలు ఏళ్ల తరబడి నమోదు చేసి, కృత్రిమ తీపి పదార్థాలు, ఎమల్సిఫయర్లు ఎక్కువగా తినేవారిలో కొన్ని జబ్బులు ఎక్కువున్నాయని 2022 నుంచి చెబుతోంది. ఇవి సంబంధాన్ని చూపగలవు, కారణాన్ని రుజువు చేయలేవు. 2023లో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ ఆస్పర్టేమ్‌ను కేన్సర్ అనుమానితుల్లో చేర్చినరోజే, మోతాదులు లెక్కగట్టే నిపుణుల సంఘం దాని మోతాదు కిలోకు 40 మిల్లీగ్రాములు మార్చనక్కర్లేదంది. డెబ్బై కిలోల మనిషి ఆ పరిమితి దాటాలంటే రోజుకు తొమ్మిది నుంచి పద్నాలుగు డబ్బాల డైట్ కూల్‌డ్రింక్ తాగాలి. పత్రికల్లో మొదటి వార్త పెద్దక్షరాల్లో వచ్చింది, రెండోది చివరి పేరాలో.

ప్యాకెట్ వెనక సంఖ్య చదివి భయపడే మధ్యతరగతి ఇంట్లో ప్రమాదం అంత పెద్దది కాదన్నది నా లెక్క. సంఖ్యే లేని తిండి దగ్గర, అంటే బడి ముందు బండి మీది ఎర్ర మిఠాయి దగ్గర, జాతరలో పచ్చని జిలేబీ దగ్గర, బిర్యానీ మీద చల్లిన నారింజరంగు దగ్గర అది ఎక్కువ. అక్కడికి వచ్చే ఆహార తనిఖీ అధికారులు ఎంతమందో, ఏడాదికి ఎన్ని నమూనాలు తీస్తున్నారో, ఏ రంగు ఎంత దొరికిందో రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ జిల్లాల వారీగా బయట పెట్టాలి. రంగు పరిమితిని మిఠాయి బరువును బట్టి కాక, పిల్లవాడి బరువును బట్టి తిరగరాయమని ఆహార భద్రత సంస్థను అడగాలి. ఎరిత్రోసిన్‌తోనే మొదలుపెట్టవచ్చు.